ఆంథోనీ మేస్త్రి తప్పులు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఇల్లు కట్టించేవాడి పక్కింటివాడి సంగతి మాత్రం మరిచిపోయాడు. నాకు ఆ సంగతి బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా యానాంలో ఇళ్లకు ప్లాన్లు గీస్తున్నాను. పేరు వీరబాబు. ఇంజనీరును కాను, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను. అయినా జనం ఇంజనీరు గారూ అనే పిలుస్తారు, నేనూ కాదనను. ఈ ముప్పై ఏళ్లలో నేను గీసిన గీతల కన్నా ఆ గీతల మీద జరిగిన తగాదాలే ఎక్కువ. కిటికీ మా పెరట్లోకి చూస్తోందని ఒకడు, సన్‌షేడ్ మా హద్దు దాటిందని ఒకడు, స్లాబు కారుతోందని ఒకడు. వినీ వినీ విసుగెత్తిపోయింది. వాటిలో చాలా మటుకు కోర్టు దాకా పోకుండా ఆగాయంటే కారణం ఒక్క మనిషి. తాపీ మేస్త్రి ఆంథోనీ.

ఆంథోనీది మెట్టకూరు. వయసు యాభై ఎనిమిది. సన్నటి మనిషి, మాట తక్కువ. పని మొదలుపెట్టే ముందు అతనికో పద్ధతి ఉంది. పునాదికి ముగ్గు పోసిన రోజున ఇంటివాడినీ పక్కింటివాడినీ ఇద్దరినీ పిలుస్తాడు. లోపలి నీళ్లు కనబడే ప్లాస్టిక్ పైపు తెచ్చి, ఒక చివర ఒకరి చేతికి, రెండో చివర రెండోవారి చేతికి ఇస్తాడు. పైపు ఎంత పొడుగున్నా, మధ్యలో ఎన్ని మెలికలున్నా రెండు చివరల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. అదే లెవెల్. మేస్త్రీలందరూ ఆ పైపు వాడేవాళ్లే, కానీ తమ కూలీల చేత పట్టిస్తారు. ఆంథోనీ మాత్రం రేపు తగువులాడబోయేవాళ్ల చేతే పట్టిస్తాడు. లోపల గాలిబుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది కనుక, అది పోయేదాకా ఇద్దరూ కదలకుండా నిలబడాలి. ఆ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడి సగం మంది అక్కడే మెత్తబడిపోతారు.

మెత్తబడనివాళ్లకు అతని దగ్గర రెండో మందు ఉంది. గోడలు లేచాక గొడవ వచ్చి, నువ్వెంతంటే నువ్వెంత అనుకునే దశకు చేరగానే ఆంథోనీ తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "తప్పు నాదేనండి" అంటాడు. అంతే. తిట్టడానికి మూడోమనిషి దొరికాక వాళ్లిద్దరూ ఒకరినొకరు తిట్టుకోవలసిన పని ఉండదు. పది నిమిషాలు ఇద్దరూ కలిసి అతన్నే తిడతారు, ఆ తిట్లలోనే ఏకమైపోతారు, టీ కూడా తెప్పించుకుంటారు. ఆంథోనీ గునపం అందుకుని, పగలగొట్టాల్సింది పగలగొట్టి మళ్లీ కట్టడం మొదలుపెడతాడు.

నీది కాని తప్పు నెత్తినేసుకోవడం ఏం సరదా అని ఒకసారి కోప్పడ్డాను. నవ్వలేదు, నొచ్చుకోలేదు.

"గెలిచినోరు ఓ ఇంట్లో, ఓడినోరు పక్కింట్లో బతకాల కదండీ. నేనైతే సాయంత్రం అయిదింటికి సైకిలెక్కి ఎల్లిపోతాను" అన్నాడు.

ఎదుటివాళ్ల తప్పులు నెత్తినేసుకుంటే కోప్పడ్డాను గానీ, నా తప్పు నెత్తినేసుకున్నప్పుడు నాకు కోపం రాలేదు. పదహారేళ్ల కిందట అగ్రహారంలో గోపి గారి ఇల్లు కట్టినప్పటి మాట. లోపలి నుంచి మేడ మెట్లు. ప్లాన్ నాది. మెట్లు మలుపు తిరిగే చోట పైనున్న దూలం లోతు నేను లెక్కలోకి తీసుకోలేదు. పాలు పొంగించిన రోజున గోపి బావమరిది హుషారుగా మేడ ఎక్కుతూ నెత్తి దూలానికి కొట్టుకుని కూలబడ్డాడు. మంచిరోజున నెత్తురు కళ్లజూశామని ఇంటిల్లిపాదీ ఏడుపు. గోపి గారు ప్లాన్ కాయితం పట్టుకుని నా వైపు తిరిగేలోగా ఆంథోనీ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "తప్పు నాదేనండి. మెట్టు ఒకటి ఎక్కువ పడిపోయింది" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. చదువుకున్నవాడు కాదు, నా కాయితంలో ఏముందో అతనికేం తెలుస్తుందిలే, నిజంగానే తన తప్పనుకుంటున్నాడు కాబోలు అని నాకు నేను చెప్పుకున్నాను. చూసిస్తానని ఆ కాయితం ఇంటికి తెచ్చుకుని బీరువా అడుగున పెట్టేశాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆంథోనీ రెండు రోజుల్లో మెట్లు పగలగొట్టి సరిగ్గా కట్టాడు.

ఊరికి ఒక గుణం ఉంది. గొడవ ఎలా తీరిందో మరిచిపోతుంది, తప్పెవరిదన్నారో మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఫలానా గోడ వంకర, ఫలానా మెట్లు ఎగుడు, ఫలానా తూము ఎదురు వాలు, అన్నీ ఆంథోనీ చేతిలోనే జరిగాయని లెక్క తేలింది. మనిషి బంగారమే, చెయ్యే కాస్త తేడా అనే మాట నిలిచిపోయింది. చిన్నచిన్న ప్రహరీలకూ మరుగుదొడ్లకూ అతన్ని పిలిచేవారు, మేడ కట్టాలంటే వేరే మేస్త్రిని చూసుకునేవారు. గొడవ వస్తే మాత్రం, వేరే మేస్త్రి కట్టిన ఇంటికైనా సరే, ఆంథోనీకే కబురు.

పదమూడేళ్ల కిందట ఆంథోనీ పరంజా మీద నుంచి పడి నాలుగు నెలలు మంచాన ఉన్నాడు. అతని భార్య పాపాయమ్మ అప్పుడు మెట్టకూరు గుడిలో మరియమాతకు మొక్కుకుంది. నా పెనిమిటి లేచి నడిస్తే, ఆయన చేత్తోనే నీ స్వరూపం నిలపడానికి రాళ్లతో గుహ కట్టిస్తాను తల్లీ, అప్పటిదాకా చెప్పులు తొడగను అని. ఆంథోనీ లేచి నడిచాడు. కాని గుడి ఆవరణలో గుహ కట్టాలంటే గుడి పెద్దలు అనుకోవాలి కదా. ఇదిగో అదిగో అంటూ పదమూడేళ్లు గడిచిపోయాయి. రోహిణీ కార్తెలో తారు రోడ్డు మీద పాపాయమ్మ వట్టికాళ్లతో నడిచి వస్తుంటే చూసేవాళ్ల కాళ్లు కాలేవి. ఈలోగా ఆంథోనీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో ఏడాదో రెండేళ్లో, ఆ తర్వాత తాపీ పట్టలేడని అందరికీ తెలుసు, వాళ్లిద్దరికీ ఇంకా బాగా తెలుసు.

మొన్న శ్రావణంలో గుడి పెద్దలు గుహ కట్టాలని తీర్మానించారు. వాళ్ల కమిటీకి సెక్రటరీ జాస్మిన్ టీచరు. ప్లాన్ గీయమని ఒక గురువారం నా ఆఫీసుకు వచ్చింది. పనంతా అయ్యాక లేవబోతూ ఆగి, ఆంథోనీ గారు తన చేత్తోనే కడతానంటున్నారు, మొక్కు సంగతి మాకూ తెలుసు, కాని కమిటీలో కొందరు వెనకాడుతున్నారని చెప్పింది.

"ఆయన చెయ్యి పెడితే ఏదో ఒక తప్పు వస్తుందంటున్నారండి. పైగా ఫరంపేటలో ఇప్పుడు ఇంకో గొడవ. మీరు ఆయనతో ఇన్నేళ్లు పని చేశారు కదా, మీరు చెప్పండి. ఆయన పనిలో నిజంగా తప్పులుంటాయా?"

బీరువా నా వెనకే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. "మనిషన్నాక పొరపాట్లు ఉంటాయి కదండీ. మనిషి మాత్రం చాలా మంచివాడు" అన్నాను. టీచరు తల ఊపింది. ఫరంపేట గొడవ ఎలా తేలుతుందో చూసి ఆదివారం నిర్ణయిస్తామని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు నా మీద నాకే రోత పుట్టింది. ఇంకో వంద పనుల్లో పడి ఆ సంగతి మరిచిపోవాలని చూశాను.

ఫరంపేట గొడవ ఇది. వీరభద్రరావు అక్కడ కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. పక్కనున్న ఆంధ్రా పల్లె నుంచి వచ్చి రొయ్యల మేత వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. పక్కిల్లు ఉమామహేశ్వరం గారిది. ఆయన బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గౌతమికి దగ్గరి వీధి కావడంతో అక్కడ పాత ఇళ్ల గోడల మీద 2022 జూలై వరద గీత ఉంటుంది. నీళ్లు తీశాక బురద మరక ఎంతవరకు ఉందో అంతవరకు గీసుకున్నారు. కొత్తగా కట్టేవాడు గచ్చు ఆ గీత కన్నా ఎత్తులో ఉండాలంటాడు. పాత ఇంటివాడు, నువ్వంత ఎత్తు లేపితే వాన నీళ్లన్నీ నా పెరట్లో పడతాయంటాడు.

అందుకే పని మొదట్లోనే ఆంథోనీ ఇద్దరి చేతా పైపు పట్టించాడు. ఒక చివర ఉమామహేశ్వరం గారి గోడ మీద వరద గీత దగ్గర, రెండో చివర వీరభద్రరావు స్థలం మూలనున్న కరెంటు స్తంభం దగ్గర. వరద ఎత్తును స్తంభం మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టాడు. గచ్చు దానికి రెండు ఇటుకల ఎత్తులో ఉండాలి, అంతకు మించకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఇంటి ప్లాన్ నాదే కనుక నేనూ అక్కడే ఉన్నాను. ఆంథోనీ వెంట్రుకవాసి తేడా లేకుండా అలాగే కట్టాడు.

ఈలోగా ఉమామహేశ్వరం గారు మనవరాలు దుర్గాశ్రీ ఓణీల ఫంక్షనుకు ఇంటికి రంగులు వేయించారు. పనివాడు గోడ అడుగున గోధుమ రంగు పట్టీ వేశాడు. వరద గీతను మళ్లీ గీయమంటే, పట్టీ పైఅంచుతో కలిసిపోతే చూడ్డానికి బాగుంటుందని జానెడు కిందికి దించి గీశాడు. పక్కన బాణం గుర్తు వేసి 'వరద 2022' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు కూడా. ముంచిన వరదనైనా ముస్తాబు చేసుకునే ఊరు మాది. ఉమామహేశ్వరం గారు తేడా గమనించలేదు. ఫంక్షనుకు వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ గీత చూపించి, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి, మేం మేడ మీద మూడు రోజులున్నాం అని చెప్పారు. చెప్పి చెప్పి ఆయనా అదే నమ్మారు.

శ్రావణంలో గట్టి వాన పడింది. కొత్త ఇంటి వైపు నీళ్లు ఆయన పెరట్లోకి దిగి తులసికోట చుట్టూ నిలిచాయి. ఆయన టేపు తెచ్చి కొలిచారు. గీతకు రెండు ఇటుకల ఎత్తులో ఉండాల్సిన గచ్చు ఇంకో జానెడు పైన ఉంది. ఇక చెప్పాలా. నమ్మించి గొంతు కోశాడని ఆయన, కళ్లు కనబడక కొలిచాడని వీరభద్రరావు. ఎక్కడి నుంచో వచ్చి మమ్మల్ని ముంచుతున్నాడనే మాట దొర్లింది. మీ ఊళ్లో మీరే ఏలుకోండి, మీ ఇంట్లో నీళ్లు నిలిస్తే మీ ఖర్మ అనే మాట తిరిగి వచ్చింది. పోలీసులు, వకీళ్లు అన్న దాకా పోయింది. శనివారం పొద్దున అందరూ అక్కడే కూర్చుని తేల్చుకోవాలనుకున్నారు. నన్నూ రమ్మన్నారు.

నేను ముందే వెళ్లి ఆంథోనీని పక్కకు పిలిచాను. స్తంభం మీద ఎర్ర గుర్తు చెక్కుచెదరకుండా ఉంది, కోపంలో దాని సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. పైపు పట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, నీ పని తప్పు కాదని ఊరందరికీ తెలుస్తుంది, రేపు గుడి కమిటీ కూర్చుంటోంది, బుర్ర ఉపయోగించు అన్నాను. అతను స్తంభం వైపు కాక, ఆ పెద్దాయన గోడ వైపు చూశాడు.

"పెద్దాయన చుట్టాలందరికీ ఆ గీత చూపించేరండి. ఇప్పుడు అది తప్పుడు గీతంటే, కావాలనే దించేరంటాడు ఈయన. ఆ మాట పడ్డాక ఆయన గుమ్మం దాటి బయటికి రాగలరా?"

"మరి పాపాయమ్మ మొక్కు?"

మోకాలు రాసుకుంటూ ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. "అలిసిపోయేనండి, వీరబాబు గారూ. తప్పెవరిదో తేల్చే ఓపిక నాకిప్పుడు లేదు. గొడవ ఆగితే చాలు" అన్నాడు. అతని గొంతులో నీరసం తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తొమ్మిదింటికి అందరూ చేరారు. ఎదురింట్లోనే ఉంటుంది కనుక జాస్మిన్ టీచరు కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. మాటలు మొదలైన ఐదు నిమిషాలకే ఉమామహేశ్వరం గారు టేపు గుంజి వీరభద్రరావు మొహం ముందు పెట్టారు. వీరభద్రరావు కుర్చీలోంచి లేచాడు. ఆంథోనీ చెయ్యి తలమీది తువ్వాలు మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో పాపాయమ్మ కనబడింది. చేతిలో అన్నం క్యారేజీ, కాళ్లకు చెప్పుల్లేవు. రాత్రి వానకు పైకి తేలిన కంకరరాళ్ల మీద చూసి చూసి అడుగులు వేస్తోంది.

నా నోరు నా మాట వినలేదు.

"ఆగండి. తప్పు నాది. ప్లాన్‌లో గచ్చు ఎత్తు జానెడు ఎక్కువ వేశాను. మేస్త్రి నా కాయితం ప్రకారమే కట్టాడు" అన్నాను.

వెంటనే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. అప్పటిదాకా ఇంజనీరు గారూ అన్న నోటితోనే వీరభద్రరావు ఏమయ్యా అన్నాడు. లెక్క రానివాడివి ఆఫీసెందుకు తెరిచావని ఉమామహేశ్వరం గారు అడిగారు. పది నిమిషాల తర్వాత, నేను ఎంత చేతకానివాడినో వాళ్లిద్దరికీ పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరింది. ఆంథోనీ మధ్యలో నెమ్మదిగా, గోడ పొడుగునా కాలువ తీసి నీళ్లు వీధిలోకి మళ్లిస్తే సరిపోతుందండి అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. టీ వచ్చింది. నాకు తప్ప అందరికీ ఇచ్చారు.

ఆంథోనీ మెచ్చుకుంటాడనుకున్నాను. గేటు దాటాక సైకిలు పట్టుకుని నా పక్కన నాలుగడుగులు నడిచి, "ఎందుకండీ. మీకు అలవాటు లేని పని ఇది" అని వెళ్లిపోయాడు.

ఆదివారం పూజ అయ్యాక కమిటీ గుహ పని ఆంథోనీకే ఇచ్చింది. ఫరంపేటలో తప్పు అతనిది కాదని టీచరు స్వయంగా చెప్పిందట. నాకు చాలా గర్వంగా అనిపించింది. నా అంతటి త్యాగమూర్తి లేడనుకుంటూ రెండు రోజులు తిరిగాను.

మూడో రోజు నుంచి అసలు సంగతి తెలిసొచ్చింది. టీ కొట్టు దగ్గర నేను వెళ్లగానే మాట మార్చారు. ప్లాన్ గీయమని అడ్వాన్సుగా తమలపాకులు పెట్టి మరీ వెళ్లిన నవీన్, మా బావ వేరే ఆయన్ని చూశాడండి అని ఫోన్ చేశాడు. ఏడేళ్ల కిందట నేను ప్లాన్ గీసిన ఇంటాయన టేపు పట్టుకుని గదులన్నీ మళ్లీ కొలుచుకున్నాడని విన్నాను. మా ఆవిడ వాళ్ల చెల్లెలు కూడా, ఈ మధ్య బావగారికి చూపు తగ్గిందా అని అడిగిందట. నేను చేయని తప్పు అది. ఒక్కటంటే ఒక్కటి. నెల తిరక్కుండానే నాకు మనుషుల మొహం చూడాలంటే విసుగొచ్చేసింది. మరి ముప్పై ఏళ్లు అతను రోజూ పొద్దున్నే సైకిలెక్కి ఎలా వచ్చాడో నాకు అర్థం కాలేదు. చేయని తప్పు ఒప్పుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది. చేసిన తప్పు మాత్రం బీరువాలోనే ఉంది.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం మెట్టకూరు వెళ్లాను. గుహ అడుగు రాళ్లు పేర్చడం అయ్యింది. మాత స్వరూపం నిలిపే దిమ్మకు ఆంథోనీ లెవెల్ చూస్తున్నాడు. పాపాయమ్మ ఇటుకల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో కొత్త చెప్పులు. గుహ పూర్తయి, ఆయన తాపీ ఆఖరుసారి కడిగేదాకా కవరు విప్పనని చెప్పింది. ఆ రోజు కూలీ రాలేదట. ఆంథోనీ ఏమీ అనకుండా పైపు రెండో చివర నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. మధ్యలో చిన్న బుడగ కనబడుతోంది. అది పోయేదాకా ఇద్దరం కదలకూడదు.

"ఆంథోనీ, అగ్రహారం గోపి గారింటి మెట్లు" అన్నాను. "ఆ తప్పు నాది. దూలం లోతు నేను లెక్క వెయ్యలేదు. కాయితం ఇంకా నా దగ్గరే ఉంది."

అతను పైపులో నీళ్ల మీద నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసండి."

"తెలుసా?"

"కట్టినోణ్ణి నేను కదండీ. నెత్తి తగిలిన రోజే కొలుచుకున్నాను."

"మరి ఇన్నేళ్లూ నన్ను ఒక్క మాట అడగలేదేం?"

పాపాయమ్మ తలెత్తి మా ఇద్దరి వైపూ చూసింది.

"మీరే చెప్తారని చూసేనండి" అన్నాడు ఆంథోనీ.

నా కళ్లలో నీళ్లు తిరిగి పైపులో నీళ్లు కనబడలేదు. చెయ్యి కిందికి జారిందేమో, ఆంథోనీ అటు నుంచి, "ఆ చివర కొంచెం ఎత్తండి, వీరబాబు గారూ" అన్నాడు. ఎత్తి పట్టుకున్నాను.